పరిశోధనలో న్యాయం: ప్రశ్న ఎవరిది, భారం ఎవరిది, ఫలం ఎవరిది?

ఎవరూ అంకెలు తారుమారు చేయకపోయినా, ఎవరి రాతనూ దొంగిలించకపోయినా, ఎవరినీ బలవంతపెట్టకపోయినా ఒక శాస్త్ర పరిశోధన అన్యాయంగా మిగిలిపోవచ్చు. నిజాయితీ గల శాస్త్రవేత్త సత్యాన్ని ఎలా వెతికాడో చూస్తే అతని నిజాయితీ తెలుస్తుంది. ఆ వెతుకులాటలో ఎవరి ఒంటి మీద సూది పడింది, ఎవరి చేలో మొక్క తీశారు, చివరికి ఎవరికి ఏం దక్కింది అని అడిగితేనే న్యాయం సంగతి తెలుస్తుంది. మొదటి విషయంలో ప్రపంచానికి దాదాపు ఏకాభిప్రాయం ఉంది. రెండో విషయంలో యాభై ఏళ్లుగా వాదం సాగుతూనే ఉంది, సాగేకొద్దీ చిక్కుపడుతూనే ఉంది.

పేదల్ని ప్రయోగాలకు దూరంగా ఉంచడమే న్యాయమని కొందరంటారు. దూరంగా ఉంచడమే అన్యాయమని మరికొందరంటారు. పాల్గొన్నవారికి వాటా ఇస్తే చాలునని ఇంకొందరు, ఏం పరిశోధించాలో నిర్ణయించే చోటే వాళ్లకు పీట వేయాలని మరికొందరు వాదిస్తారు. ఈ నాలుగు వాదాలకూ తెలుగు నేల మీద గట్టి ఉదాహరణలున్నాయి. అందులో కోనసీమకు ప్రత్యేక స్థానముంది. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఒదిగిన ఈ సీమ కొబ్బరి, వరి, బోదకాలు, గుండెజబ్బు, సహజవాయువు, కుంగుతున్న డెల్టా వంటి ఎన్నో విషయాల్లో శాస్త్రవేత్తల దృష్టిలో పడింది. తరచూ పరిశోధనకు లోనయ్యే ప్రాంతానికి ఆ పరిశోధన న్యాయంగా ఉండాలని అడిగే హక్కు ఉంటుంది. ఆ హక్కు ఎక్కడి దాకా వెళ్తుందో చూడటమే ఈ సమీక్ష పని.

వాదం పుట్టి పెరిగిన తీరు

నాజీ వైద్యుల విచారణ తర్వాత 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళి మనిషి సమ్మతిని అన్నిటికన్నా ముందు నిలబెట్టింది. 1964 నాటి హెల్సింకీ ప్రకటన వైద్య పరిశోధకుల బాధ్యతలను వివరించింది. ఈ రెండింటిలోనూ ప్రధానంగా కనిపించేది ఒక పరిశోధకుడు, ఒక రోగి, వారిద్దరి మధ్య ఒప్పందం. సమాజంలో ఏ వర్గం నుంచి ఆ రోగి వచ్చాడన్న ప్రశ్న అప్పటికి వెనకే ఉంది.

దాన్ని ముందుకు తెచ్చింది అమెరికాలోని టస్కీగీ ఉదంతం. 1932 నుంచి 1972 వరకు అలబామా రాష్ట్రంలో సిఫిలిస్ సోకిన సుమారు 400 మంది నల్లజాతి పేదలకు చికిత్స ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో గమనిస్తూ పోయారు. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా అది ఆగలేదు. ఆ దారుణం బయటపడ్డాక ఏర్పడిన కమిషన్ 1979లో బెల్మాంట్ నివేదిక ఇచ్చింది. వ్యక్తుల పట్ల గౌరవం, మేలు చేయడం అనే రెండు సూత్రాల పక్కన న్యాయాన్ని మూడో సూత్రంగా పెట్టింది. భారం ఒకరు మోసి ఫలం ఇంకొకరు అనుభవించడం తప్పని ఆ నివేదిక తేల్చి చెప్పింది.

భారత వైద్య పరిశోధన మండలి 1980లో తొలి నైతిక విధాన ప్రకటన చేసింది. 2000, 2006, 2017 సంవత్సరాల్లో దాన్ని విస్తరించి మార్గదర్శకాలుగా తెచ్చింది. అయితే మార్గదర్శకానికి చట్టం బలం ఉండదు. ఔషధ ప్రయోగాల్లో నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2013లో వచ్చింది. 2019 మార్చిలో కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నియమావళి అమల్లోకి వచ్చింది. పరిశోధన ప్రతిపాదనలను పరిశీలించే నైతిక సంఘాల కూర్పు, నమోదు, పరిహారం లెక్క, ప్రయోగం ముగిశాక మందు అందుబాటు వంటివి అందులో చేరాయి.

ఇంకోవైపు, మనుషుల శరీరాల దగ్గర మొదలైన వాదం మొక్కల దగ్గరికీ చేరింది. రైతుల హక్కులను గుర్తించిన మొక్కల రకాల పరిరక్షణ చట్టం 2001లో, జీవవైవిధ్య చట్టం 2002లో, ఫలాల పంపిణీపై నగోయా ఒప్పందం 2010లో వచ్చాయి. 2024 అక్టోబరులో సవరించిన హెల్సింకీ ప్రకటన పరిశోధన భారాలూ ఫలాలూ సమాజంలో ఎలా పంచుకుంటున్నామో జాగ్రత్తగా చూడాలని చెప్పింది. సమ్మతి పత్రం మీద సంతకంతో మొదలైన ప్రయాణం పంపిణీ దాకా వచ్చింది.

నాలుగు ధోరణులు

మొదటిది రక్షణ వాదం. ఎదురుచెప్పే స్తోమత లేనివారిని, అంటే ఖైదీలు, వసతిగృహాల పిల్లలు, గిరిజనులు, అప్పుల్లో ఉన్నవారిని పరిశోధకులు సులువుగా దొరుకుతారని ఎంచుకోకూడదని ఇది చెబుతుంది. దీనికి చరిత్ర పొడవునా సాక్ష్యం ఉంది.

రెండోది ప్రవేశ వాదం. 1980లలో ఎయిడ్స్ రోగులు ప్రయోగాల్లో తమకు చోటు కావాలని పోరాడారు. మహిళలనూ మైనారిటీలనూ ప్రయోగాల్లో చేర్చుకోవాలని 1993లో అమెరికా చట్టం చేసింది. ఎవరి మీద పరిశోధన జరగదో వారి జబ్బు అర్థం కాదు, వారికి సరిపడే మందూ తయారు కాదన్నది దీని తర్కం. దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003, 2004 సంవత్సరాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి మరణాల వివరాలు సేకరించారు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం పేరుతో జరిగిన ఆ అధ్యయనం 2006లో ప్రచురితమైంది. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. గుండెజబ్బు పట్నవాసపు సంపన్నుల రోగమన్న నమ్మకం అక్కడ పటాపంచలైంది. ఆ పల్లెలను కాపాడుతున్నామనుకుంటూ లెక్కల్లోంచి వదిలేసి ఉంటే అది వారికి జరిగే పెద్ద అన్యాయమయ్యేది.

మూడోది వాటా వాదం. 1990లలో పేద దేశాల్లో గర్భిణుల నుంచి బిడ్డలకు హెచ్‌ఐవీ సోకకుండా చూసే మందులపై జరిగిన ప్రయోగాల్లో, సంపన్న దేశాల్లో అప్పటికే వాడుతున్న చికిత్సను పోలిక గుంపుకు ఇవ్వలేదు. దాని మీద 1997లో తీవ్రమైన చర్చ లేచింది. ఆ చర్చ కొనసాగింపుగా 2001లో మలావీలోని బ్లాంటైర్‌లో కలిసిన కొందరు నైతికవేత్తలు ఒక సూత్రం చెప్పారు. ఒక్క మందు అందితే సరిపోదని, ఆ సమాజానికి వైద్య సదుపాయం, శిక్షణ, ఉపాధి, జ్ఞానం రూపంలో తగినంత ప్రయోజనం దక్కాలని, ఆ బేరంలో వారే పాల్గొనాలని వారి ప్రతిపాదన.

నాలుగోది నిర్ణయాధికార వాదం. ఇది మిగిలిన మూడింటి పునాదినే ప్రశ్నిస్తుంది. ఏ జబ్బు మీద డబ్బు పెట్టాలి, ఏ పంట మీద పరిశోధన జరగాలి, ఏ నష్టాన్ని నష్టంగా లెక్కించాలి అన్నవి ఎక్కడో నిర్ణయమైపోయాక, ఆఖర్న సంతకం అడగడం, వాటా ఇవ్వడం సరిపోవని దీని అభ్యంతరం. ప్రశ్న పుట్టే చోటే ప్రజలుండాలని ఇది కోరుతుంది.

భారం ఎవరి మీద: ఖమ్మం, పిడుగురాళ్ల

రక్షణ వాదానికీ ప్రవేశ వాదానికీ మధ్య ఘర్షణ తెలుగువారికి బాగా కనిపించింది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని ఇది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు.

ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది మరొకటి. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదికలో చూపిన లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 వాటి మీద వసతిగృహ వార్డెన్లు సంతకం చేశారు. 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. వసతిగృహంలో ఉండి చదువుకునే గిరిజన బాలిక తల్లిదండ్రులు చాలా దూరంలో ఉంటారు, వార్డెన్ దగ్గరే ఉంటాడు. దగ్గరున్నవాడి సంతకం తీసుకోవడం సులువు. సులువైన దారి పట్టడమే అన్యాయానికి మొదటి మెట్టని బెల్మాంట్ నివేదిక ముప్పై ఏళ్ల ముందే హెచ్చరించింది.

రెండో పక్షం మాటనూ వినాలి. ఇది కొత్త మందు మీద ప్రయోగం కాదని, అప్పటికే అనుమతి పొందిన టీకాను ప్రజారోగ్య వ్యవస్థ ద్వారా ఎలా అందించాలో చూసే ప్రాజెక్టు అని నిర్వాహకులు వాదించారు. పాథ్ పార్లమెంటరీ సంఘం ఆరోపణలను తోసిపుచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పేద మహిళల ప్రాణాలు తీసే జబ్బు అన్నది నిజం. టీకా వారికి ముందుగా చేరాలనుకోవడంలో తప్పులేదు. 2010 నిర్ణయం వల్ల దేశంలో జరుగుతున్న మరో హెచ్‌పీవీ అధ్యయనం కూడా మధ్యలో ఆగింది. పూర్తి మోతాదులు అందని బాలికలను ఏళ్ల తరబడి పరిశీలించినప్పుడు ఒక్క మోతాదు కూడా మంచి రక్షణ ఇస్తోందని కనిపించింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు విధానాన్ని ఆమోదించడానికి తోడ్పడిన ఆధారాల్లో అదీ ఒకటి. మంచి ఫలితం వచ్చినంత మాత్రాన వార్డెన్ సంతకం ఒప్పయిపోదు. సంతకం తప్పయినంత మాత్రాన టీకా చెడ్డదైపోదు. ఈ రెండింటినీ విడదీసి చూడలేకపోవడం వల్లే ఆ చర్చ చాలాకాలం గుడ్డి వ్యతిరేకత, గుడ్డి సమర్థనల మధ్య నలిగిపోయింది.

పిడుగురాళ్ల కథ వేరు. 2011లో ఆ ప్రాంతపు నిరుపేద మహిళలను దళారులు ఔషధ పరీక్షల కోసం హైదరాబాద్ తీసుకెళ్లిన విషయం బయటపడింది. కొద్దిపాటి డబ్బు కోసం వారు వెళ్లారు. దేశంలో చవక మందుల తయారీకి హైదరాబాద్ కేంద్రం. ఆ మందు అసలు మందుతో సమానంగా ఒంట్లో పనిచేస్తుందని నిరూపించడానికి ఆరోగ్యవంతులైన మనుషులు కావాలి. ఆ మనుషులు ఎక్కువగా పనిలేనివారి నుంచీ అప్పులున్నవారి నుంచీ వస్తారు. ఇక్కడ సమ్మతి పత్రం చక్కగా ఉన్నా ప్రశ్న అలాగే ఉంటుంది: తినడానికి మరో దారి లేనివారి ఒప్పుకోలు ఎంత స్వేచ్ఛగా ఇచ్చినట్టు?

ఫలం ఎవరికి: వరి గింజ నుంచి ఉద్దానం దాకా

ఫలాల పంపిణీ గురించి మాట్లాడేటప్పుడు గోదావరి డెల్టాకు స్వర్ణ రకం కన్నా దగ్గరి ఉదాహరణ లేదు. పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధనా స్థానం 1982లో ఎంటీయూ 7029 పేరుతో విడుదల చేసిన ఈ వరి తూర్పు భారతమంతా పాకింది. దానికి ఒక లోపముంది, ముంపుకు తట్టుకోలేదు. ఒడిశా రైతుల సంప్రదాయ వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే రకంలో ముంపును తట్టుకునే గుణం ఉంది. దానికి కారణమైన జన్యువును 2006లో గుర్తించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఆ గుణాన్ని స్వర్ణలోకి చేర్చింది. స్వర్ణ సబ్ 1 భారత్‌లో 2009లో విడుదలైంది.

ఒడిశాలో ఆ వరిపై జరిగిన క్షేత్ర పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ముంపు పొలాలు షెడ్యూల్డ్ కులాల రైతుల చేతిలో ఎక్కువగా ఉండటం వల్ల ఈ విత్తనం వారికి మిగిలినవారికన్నా ఎక్కువ మేలు చేయగలదని అందులో తేలింది. ఒకప్పటి సామాజిక అన్యాయం వారిని పల్లపు నేలకు తోసింది. ఆ పల్లపు నేలకు పనికొచ్చే విత్తనం ఆ అన్యాయాన్ని కొంతవరకైనా సరిదిద్దగలదు. ఏ సమస్యను ఎంచుకున్నామన్న దానిలోనే పంపిణీ న్యాయం దాగి ఉంటుందనడానికి ఇంతకన్నా మంచి రుజువు దొరకదు.

అయితే ఇందులో మరో లెక్క ఉంది. ఆ గుణాన్ని శతాబ్దాల పాటు పొలంలో నిలబెట్టింది ఒడిశా రైతులు. స్వర్ణను తయారుచేసింది మార్టేరు శాస్త్రవేత్తలు. జన్యువును గుర్తించింది విదేశీ ప్రయోగశాలలు. ఈ ముగ్గురిలో మొదటివారి పేర్లు ఎక్కడా లేవు. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం రూపొందించిన గోదావరి గంగ కొబ్బరి సంకర రకానికీ ఇది వర్తిస్తుంది. తూర్పు తీరపు పొడుగు రకాన్నీ గంగాబొండాన్నీ కలిపి దాన్ని సాధించారు. ఆ గంగాబొండాన్ని తరతరాలుగా పెంచి కాపాడింది రైతులే. 2001 చట్టం అలాంటి రైతులకు గుర్తింపు, పరిహారం పొందే దారి తెరిచింది. కానీ ఒక ఊరు మొత్తం, ఒక సీమ మొత్తం కాపాడిన రకానికి వాటా ఎవరి చేతికివ్వాలన్నది ఇంకా ఆచరణలో చిక్కుగానే ఉంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు మరో కోణం చూపిస్తుంది. కొబ్బరి, జీడి తోటలతో కోనసీమను తలపించే ఆ ప్రాంతంలో రెండు దశాబ్దాలకు పైగా ఎన్నో బృందాలు రక్తం, మూత్రం, నీరు, మట్టి నమూనాలు తీసుకెళ్లాయి. నీటిలో సిలికా, పురుగుమందులు, ఎండదెబ్బ, వంశపారంపర్యం అంటూ చాలా ఊహలు వచ్చాయి. ఒక్కటీ ఖరారు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. శాస్త్రం ఆలస్యంగా తేల్చడం తప్పు కాదు, కొన్ని జబ్బులు అంత తేలికగా లొంగవు. కానీ నమూనా ఇచ్చిన మనిషికి తన ఫలితం తన భాషలో తిరిగి చెప్పడానికి జబ్బు కారణం తేలేదాకా ఆగక్కర్లేదు. కారణం కనిపెట్టడం శాస్త్రవేత్త చేతిలో లేకపోవచ్చు. ఫలితం తిరిగి చెప్పడం మాత్రం పూర్తిగా అతని చేతిలోనే ఉంది.

పేరు ఎవరికి: యల్లాప్రగడ సుబ్బారావు నుంచి ఆశా కార్యకర్త దాకా

పరిశోధకుల మధ్య న్యాయం గురించి మాట్లాడితే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఒంట్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై వారి పని ఆ దశాబ్దంలోనే వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత స్థానం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరాక ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్‌ను అదుపుచేసే దాని ప్రత్యర్థి మందులు, బోదకాలుకు వాడే డీఈసీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలుగు చూశాయి. అలాంటి ప్రత్యర్థి మందుతో చిన్నపిల్లల రక్త క్యాన్సర్ తాత్కాలికంగా తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ బృందం ప్రకటించిన వ్యాసంలో మందును తయారుచేయించిన సుబ్బారావు పేరు రచయితల్లో లేదు. అదే ఏడాది ఆగస్టులో ఆయన మరణించారు. గోదావరి డెల్టా పల్లెల్లో బోదకాలు నివారణకు ఏటా పంచిన డీఈసీ మాత్రలు మింగినవారిలో ఎందరికి ఆ మాత్ర వెనక భీమవరం మనిషి ఉన్నాడని తెలుసు?

ఆయన ఉదంతాన్ని రెండు రకాలుగా చదువుతారు. వలస దేశం నుంచి వచ్చిన మనిషికి జరిగిన అన్యాయమని ఒకరు, కంపెనీ ప్రయోగశాలల్లో సమష్టి కృషికి ఒక్కరి పేరు పెట్టలేమని మరొకరు అంటారు. ఆయన స్వభావంలోని వెనకుండే గుణం కూడా కారణమని మూడో మాట వినిపిస్తుంది. మూడింటిలోనూ నిజం ఉంది. కానీ న్యాయం మనిషి అడిగితేనే ఇచ్చేది కాకూడదు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి వైద్య పత్రికల సంపాదకులు రచయితగా ఎవరిని చేర్చాలో నిబంధనలు పెట్టారు. 2014 నుంచి ఎవరు ఏ పని చేశారో 14 రకాల పాత్రలుగా చెప్పే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. అయినా ఊళ్లో ఇంటింటికీ తిరిగిన ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, తోటలో కాయల లెక్క రాసిన పొలం కూలీ ఆ జాబితాల్లోకి అరుదుగా వస్తారు. చివర్న ఒక కృతజ్ఞత మాటలో సామూహికంగా మిగిలిపోతారు.

ప్రశ్న ఎవరిది: కోనసీమ అడిగినవి

2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయకుండా విరామం ప్రకటించారు. దాని మీద ప్రభుత్వం మోహన్ కందా సంఘాన్ని నియమించింది. రైతులు చెప్పిన కష్టాలు ఏమిటి? మురుగు కాలువలు పూడిపోవడం, పెట్టుబడి పెరగడం, కూలి ఖర్చు, గిట్టుబాటు ధర లేకపోవడం. ఇన్నేళ్ల వరి పరిశోధనలో అత్యధిక బలం పడింది ఎకరానికి దిగుబడి మీద. దిగుబడి పెరగాల్సిందే. కానీ పొలం మురుగులో మునిగితే ఎక్కువ దిగుబడినిచ్చే విత్తనమూ మునుగుతుంది. రైతు ప్రశ్న ఒకటి, ప్రయోగశాల సమాధానం మరొకటి అయినప్పుడు ఎవరి పక్షాన ఎంత నిజాయితీ ఉన్నా న్యాయం జరగదు.

రెండో ప్రశ్న నేల గురించి. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలపై వచ్చిన ఒక అధ్యయనం గోదావరి డెల్టానూ ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఎగువ ఆనకట్టల వల్ల ఒండ్రు తగ్గడం, భూమిలోంచి నీరు, చమురు, వాయువు తోడటం డెల్టాలు కుంగడానికి ప్రధాన కారణాలని అది సాధారణంగా చెప్పింది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో సహజవాయువు బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలింది. ఆ మంటలను చూసిన ప్రజలు నేల కుంగడంలో, ఉప్పునీరు పైకి రావడంలో వాయువు తోడివేతకు ఎంత పాలుందో తెలుసుకోవాలనుకోవడం సహజం. దానికి జవాబు చెప్పాలంటే ఏళ్ల తరబడి నేల మట్టాన్ని కొలిచిన లెక్కలు, భూగర్భ సమాచారం కావాలి. అలాంటి సమాచారం వాయువు తోడే సంస్థల చేతిలో ఉండి, అధ్యయనానికి డబ్బూ వాటిదే అయితే, శాస్త్రవేత్త ఎంత నిష్పక్షపాతి అయినా ఫలితం మీద నమ్మకం కుదరదు. న్యాయమైన పద్ధతి లేకుండా నిజం కూడా నిజంగా చెలామణి కాదు.

ప్రశ్నా జవాబూ కలిసిన సందర్భమూ కోనసీమలో ఉంది. 2016లో భారత్‌లో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకూ పాకింది. విచ్చలవిడిగా పురుగుమందు చల్లితే మిత్రపురుగులు చచ్చి దోమ మరింత పెరుగుతుందని శాస్త్రవేత్తలు హెచ్చరించారు. అంబాజీపేట స్థానం దోమను చంపే శిలీంధ్రాన్నీ మిత్రపురుగులనూ పెంచి రైతులకు అందించింది. ప్రశ్న తోటలో పుట్టింది, ప్రయోగం తోటలోనే జరిగింది, ఫలం తోటకే చేరింది. ఇక్కడ కూడా ఒక వెలితి మిగిలింది. కొబ్బరి పరిశోధన పట్టికల్లో సాధారణంగా చెట్టుకు కాయల లెక్క ఉంటుంది. కౌలుదారుకు మిగిలిందెంత, దింపు కార్మికుడికి పని దొరికిన రోజులెన్ని అన్నవి అదే శ్రద్ధతో లెక్కించిన రోజు ఆ పట్టిక ఇంకా న్యాయమైనదవుతుంది.

ధోరణులను పక్కపక్కన పెడితే

| ధోరణి | ముఖ్యమైన ప్రశ్న | బలం | పరిమితి |
|---|---|---|---|
| రక్షణ వాదం | సులువుగా దొరికేవారి మీద భారం పడుతోందా? | ఖమ్మం, పిడుగురాళ్ల వంటి తప్పులను పట్టుకుంటుంది | అతిగా సాగితే పేదల జబ్బులు పరిశోధనకే నోచుకోవు |
| ప్రవేశ వాదం | ఎవరిని లెక్కల్లోంచి వదిలేశాం? | గోదావరి పల్లెల గుండెజబ్బు లాంటి నిజాలను బయటికి తెస్తుంది | చేర్చుకోవాలన్న తొందరలో సమ్మతి పలుచబడొచ్చు |
| వాటా వాదం | పాల్గొన్నవారికి ఏం దక్కింది? | ఫలాన్ని కళ్లకు కనిపించేలా చేస్తుంది | బేరమాడే శక్తి లేనివారికి తక్కువ వాటాతో సరిపెట్టే ప్రమాదం |
| నిర్ణయాధికార వాదం | ప్రశ్నను ఎవరు ఎంచుకున్నారు? | అన్యాయం మూలాన్ని తాకుతుంది | సమాజం తరఫున ఎవరు మాట్లాడతారో తేల్చలేదు |

ఈ నాలుగూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ఒక్కొక్కటి పరిశోధనలో ఒక్కో దశను కాపలా కాస్తుంది. నిర్ణయాధికార వాదం పరిశోధన మొదలుకాకముందు, ప్రవేశ, రక్షణ వాదాలు అది సాగుతున్నప్పుడు, వాటా వాదం ముగిశాక పనికొస్తాయి. వాదం చిక్కుపడటానికి పెద్ద కారణం ఒక దశకు చెందిన జవాబును మరో దశ ప్రశ్నకు ఇవ్వడమే. సమ్మతి పత్రం సక్రమంగా ఉందని చూపి ఫలం గురించిన ప్రశ్నను దాటవేయడం, మందు ఉచితంగా ఇచ్చామని చెప్పి సమ్మతి గురించిన ప్రశ్నను దాటవేయడం మనం పదేపదే చూస్తున్నాం.

ఇంకా తేలనివి

డబ్బు ఎంతవరకు న్యాయం? ప్రయోగంలో పాల్గొన్నవారికి తక్కువ ఇస్తే దోపిడీ, ఎక్కువ ఇస్తే ప్రలోభం అంటారు. ఎవరూ సరిహద్దు గీత స్పష్టంగా చూపలేకపోయారు. పోయిన పనిదినాలకూ ప్రయాణానికీ ఇబ్బందికీ తగిన మొత్తం ఇవ్వడం అందరూ ఒప్పుకునే కనీస మెట్టు.

సమాజం తరఫున ఎవరు మాట్లాడాలి? కోనసీమలో ఒకే ఊళ్లో భూస్వామి, కౌలు రైతు, దింపు కార్మికుడు, మత్స్యకారుడు, దళితపేట వాసి ఉంటారు. గ్రామపెద్ద సరేనంటే అది అందరి సమ్మతి కాదు. ఊరి పెద్దల్ని సంప్రదించడం ఎంత అవసరమో, వారికి ఎదురుచెప్పలేనివారితో విడిగా మాట్లాడటమూ అంతే అవసరం.

సమూహాన్ని గుర్తించే ఫలితం మేలా, మచ్చా? ఆర్యవైశ్య సమాజంలో ఒక ఎంజైము లోపం ఎక్కువగా ఉండటం వల్ల శస్త్రచికిత్సలో వాడే ఒక కండర సడలింపు మందు వారిలో కొందరికి ప్రమాదకరమని జన్యు పరిశోధనలు చూపాయి. తెలిస్తే మత్తు వైద్యుడు ప్రాణం కాపాడగలడు. అదే సమాచారం పెళ్లి సంబంధాల్లోనో బీమాలోనో వాడితే సమూహానికి మచ్చ అవుతుంది. వ్యక్తి సమ్మతి ఇస్తాడు, ఫలితం సమూహమంతటికీ తగులుతుంది. దీనికి ఇప్పటి నియమాల్లో పూర్తి జవాబు లేదు.

నైతిక సంఘం సరిపోతుందా? సంఘంలో బయటి అధ్యక్షుడు, న్యాయ నిపుణుడు, సామాజిక శాస్త్రవేత్త, సామాన్య పౌరుడు ఉండాలని 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది మంచి ఏర్పాటు. కానీ ఈ సంఘం సంస్థలో కూర్చుని తన ముందుకొచ్చిన ప్రతిపాదనను పరిశీలిస్తుంది. అసలు ప్రతిపాదన రూపంలోకే రాని ప్రశ్నను అది చూడలేదు. నేల కుంగడం గురించి ఎవరూ అధ్యయనం ప్రతిపాదించకపోతే ఏ సంఘమూ దాన్ని తిరస్కరించినట్టు కాదు, ఆమోదించినట్టూ కాదు. ఆ మౌనాన్ని లెక్కలోకి తీసుకునే వ్యవస్థ మనకింకా లేదు.

ముందుకు వెళ్లే దారి

ఇన్ని వాదాల తర్వాత ఒక్క మాట స్థిరంగా నిలుస్తుంది. న్యాయాన్ని ఒక్క సంతకంలో ఇమడ్చలేం. నిధులు విడుదల చేసే ముందే నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగాలి: ఈ ప్రశ్న ఎవరి నుంచి వచ్చింది, భారం ఎవరి మీద పడుతుంది, ఫలం ఎప్పుడు ఏ రూపంలో ఎవరికి చేరుతుంది, పని చేసినవారందరి పేర్లు ఎక్కడ నమోదవుతాయి. ప్రభుత్వ నిధులతో సాగే ఏ అధ్యయనమైనా తన ఫలితాల సారాంశాన్ని తెలుగులో, ఆ ప్రాంత పంచాయతీకీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ రైతు సేవా కేంద్రానికీ అందించాలన్న షరతు పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. నిధులిచ్చే సంస్థ నిశ్చయించుకుంటే చాలు.

ఇందులో శాస్త్రవేత్తకూ మేలుంది. ప్రజలు నమ్మని శాస్త్రం ఎంత నిజమైనా ఆచరణలోకి రాదు. ఖమ్మంలో చేజారిన నమ్మకం వల్ల టీకా చర్చ ఏళ్ల తరబడి దెబ్బతింది. అంబాజీపేటలో శిలీంధ్రాన్ని రైతులు చేతుల్లోకి తీసుకోవడానికి ఆ స్థానం తమ ప్రశ్నకే జవాబు వెతుకుతోందన్న భరోసా కారణం. అమలాపురం, రాజోలు, కొత్తపేటల పరిధిలోని కళాశాలలు డెల్టా అడుగుతున్న ప్రశ్నల జాబితాను ప్రజలతో కలిసి తయారుచేసి, ఏటా దాన్ని ప్రకటించి, వాటిలో ఎన్నింటిపై పని జరిగిందో బహిరంగంగా చెప్పగలిగితే, పరిశోధనలో న్యాయం అనే సూత్రం గ్రంథాల్లోంచి పొలంగట్టు మీదికి వస్తుంది. ఆ పని మొదలుపెట్టడానికి కోనసీమకన్నా తగిన చోటు లేదు, దాన్ని ఇంకా వాయిదా వేయడానికి కారణమూ లేదు.